కౌంటరుకి ఆ పక్క

మిషనమ్మ ఇంగ్లీషు క్లాసులో చేరింది ఇంగ్లీషు మీద మోజుతో కాదు, మెట్ల కింద జాగా నిలబెట్టుకోవడానికి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. తరవాత జరిగింది విని పగలబడి నవ్వినవాళ్ళే గానీ, ఆ పిల్ల గుండె ఎంత దడదడలాడిందో అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఓ పెద్ద భవనం ఉంది. కింద దుకాణాలు, మధ్యలో బ్యాంకు, పైన నగరపాలక ఆఫీసులు. ఆ భవనం మెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే తల తగిలే మూలలో ఆమె కుట్టుమిషను. ఊడిన జిప్పు, పొడుగైన ప్యాంటు, చిరిగిన జేబు, తెగిన సంచి పట్టీ ఏదైనా సరే, పొద్దున ఇచ్చి సాయంత్రం పట్టుకుపోవచ్చు. ఆ మిషను మీదే ఆమె, ఆమె అత్తగారు, కాలేజీకి వెళ్ళే కూతురు బతుకుతున్నారు. మొగుడు లేడా అంటే ఉన్నాడు. అద్దంలో బొమ్మలాంటివాడు, కనపడతాడు, పనికిరాడు.

ఒకనాడు ఆఫీసువాళ్ళు గోడకి ప్రకటన అంటించారు. నడవాలన్నీ అందంగా తీర్చిదిద్దబోతున్నారట. మెట్ల కిందా మూలల్లోనూ ఉన్నవాళ్ళంతా ఖాళీ చేయాలట. ఉంటామనేవాళ్ళు వేసవి చివర పైఅంతస్తులో ఆఫీసరుగారి ముందుకొచ్చి, ఎందుకు ఉండనివ్వాలో తమ నోటితో తామే, ఇంగ్లీషులో చెప్పుకోవాలట. తోడు రావచ్చు, తోడొచ్చినవాళ్ళు నోరు మెదపకూడదట.

"అందంగా అంటే ఏంటి పెద్దమ్మా?" అంది మిషనమ్మ, నా జాకెట్టుకి హుక్కులు కుడుతూ. "నా మిషను తీసేసి ఇక్కడ పూలకుండీ పెడతారట. పూలకుండీ జిప్పు వేస్తుందా?"

"అడగందే అమ్మయినా పెట్టదే. వెళ్ళి అడుగు."

"ఆ అడగడమే కదా రానిది!"

అప్పటికే నేను ఆ క్లాసుకి వెళుతున్నాను. మా కోడలు చేర్పించింది. "నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే మీకు ధైర్యంగా ఉంటుంది అత్తయ్యా" అంది గానీ, వారానికి రెండు సాయంత్రాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందన్నది అసలు సంగతి. నాకు తెలుసని దానికీ తెలుసు. సరే, మిషనమ్మని కూడా వెంటబెట్టుకుపోయాను.

క్లాసు పసిపిల్లల బడిలో. పిల్లలు ఇళ్ళకి పోయాక మేము చేరేవాళ్ళం. కుర్చీలు మా మోకాలి ఎత్తు కూడా ఉండవు. మాతోపాటు చదివే డ్రైవరొకాయన, డ్రైవరు తమ్ముడనే పిలిచేవాళ్ళం, కూర్చుంటే మోకాళ్ళు చెవుల పక్కకి వచ్చేవి. లేస్తే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచేది. గోడల నిండా ఏనుగులు, బాతులు. వాటి కింద తలలు నెరిసిన మేము. చెప్పే టీచరమ్మ మా మనవరాలి వయసుది. మంచి పిల్ల, ఓపిక గల పిల్ల, కాకపోతే పైవాళ్ళు పంపిన పుస్తకాన్ని దాటి అంగుళం కదిలేది కాదు.

ఆ పుస్తకంలో ఉన్న ఊరు నా జన్మలో నేను చూడలేదు. అక్కడ బస్సు వేళకి వస్తుంది, వచ్చాక ఆగుతుంది కూడా. డాక్టరు రోగి మొహం వంక చూసి మాట్లాడతాడు. బ్యాంకులో పెన్నుని తాడుతో కట్టెయ్యరు. ఆఫీసులో ఆఫీసరు లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్, ప్లీజ్ సిట్ డౌన్. హౌ మే ఐ హెల్ప్ యు?" అంటాడు. దయచేసి కూర్చోండి, మీకు నేనేం సాయం చెయ్యగలను అని అర్థం.

డ్రైవరు తమ్ముడు చెయ్యెత్తాడు. "టీచరమ్మా, ఇది కథల పుస్తకమా?"

"కాదండీ, పౌర జీవన నైపుణ్యాలు."

"అదే, ఏ దేశం కథలని?"

టీచరమ్మ నవ్వి పేజీ తిప్పేసింది.

పాఠం చెప్పే పద్ధతి ఏమిటంటే, గదిలో పిల్లలు దుకాణం ఆట ఆడుకునే చెక్క కౌంటరొకటి ఉంది, మధ్యలో చిన్న కిటికీతో. దానికి ఈ పక్క కూర్చున్నవాళ్ళు ప్రజలు. ఆ పక్క కూర్చున్నది ఆఫీసరు. బ్యాంకు పాఠమైతే బ్యాంకు ఆఫీసరు, ఆసుపత్రి పాఠమైతే డాక్టరు, మనిషి మాత్రం ఒకరే. ప్రజల పక్క కూర్చోడానికి అందరూ ఎగబడేవాళ్ళు, ఎందుకంటే ప్రజలకి మాటలు తక్కువ. ప్లీజ్, థాంక్యూ, సారీ. ఈ మూడు వస్తే ఆ పుస్తకంలో పుట్టుక నుంచి పోయేదాకా గడిచిపోతుంది. ఆఫీసరువి మాత్రం బారెడు బారెడు వాక్యాలు.

మిషనమ్మ ఆఖరి ప్యాంటు అంచు కుట్టి, మిషనుకి మూత పెట్టి, పరుగున వచ్చేసరికి ప్రజల కుర్చీలన్నీ నిండిపోయి ఉండేవి. మిగిలేది కౌంటరుకి ఆ పక్క కుర్చీ ఒక్కటే. మొదటిరోజు అందులో కూర్చుంది. ఇక అది ఆమెదే అయిపోయింది. పాపం, అందరికన్నా అలిసిపోయి వచ్చే మనిషికి అందరికన్నా పొడుగు పాఠం. పగలు మెట్ల కింద పెడలు తొక్కుతూ వల్లించేది: "మే ఐ సీ యువర్ పేపర్స్" అనేసరికి ఒక అంచు, "ఐ యామ్ సారీ ఫర్ ది డిలే" అనేసరికి ఇంకో అంచు. ప్యాంటు తీసుకోడానికి వచ్చినవాళ్ళు జడుసుకుని, జేబులు తడుముకుని, నిజంగానే కాగితాలు చూపించబోయేవాళ్ళు.

నాకిచ్చింది ఏమిటో చెప్పలేదు కదూ. నాకు క్యూ ఇచ్చారు. "మీరు క్యూలో రెండో మనిషి మామ్మగారూ" అంది టీచరమ్మ. అన్ని పాఠాల్లోనూ నేను రెండో మనిషినే. మాట్లాడే పని లేదు, నిలబడాలి, అంతే. చిన్నప్పుడు మా అన్నయ్య బడికి పోతే నేను కిటికీ బయట ఇలాగే నిలబడి వినేదాన్ని. ఒక రకంగా చూస్తే నా చదువు ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే మొదలైంది. అయినా క్యూలో నిలబడేవాళ్ళకి చెవులు పెరుగుతాయి. మాట్లాడటం రాకపోయినా, ఎవరేం అంటున్నారో నాకు బాగానే అర్థమయ్యేది.

ఒకసారి డ్రైవరు తమ్ముడే మిషనమ్మ తరఫున అడిగాడు. "ఆమెకీ ఓసారి ప్రజల వేషం ఇవ్వండి టీచరమ్మా. రేపు ఆఫీసుకి వెళ్ళాల్సింది ఆమె. అక్కడ ఆమెకి కౌంటరు వెనక కూర్చునే పనేం ఉంటుంది?"

"ప్రదర్శన అయ్యాక మారుద్దామండీ. ఇప్పుడు మారిస్తే అందరికీ కలగాపులగం అయిపోతుంది. పైనుంచి చూడ్డానికి వస్తున్నారు."

పైవాళ్ళు వచ్చారు. పెద్ద కుర్చీలు వాళ్ళతోనే తెచ్చుకున్నారు, బుద్ధిమంతులు. మిషనమ్మ కౌంటరు వెనక నిలబడి, గుక్క తిప్పుకోకుండా, బ్యాంకూ ఆసుపత్రీ ఆఫీసూ మూడూ అప్పజెప్పేసింది. నేను వెనకాల రెండో మనిషిగా చక్కగా నిలబడ్డాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఇతడు, లేక ఈమె, అన్ని కార్యాలయాల్లోనూ ఇంగ్లీషులో వ్యవహరించగలరు అని అందులో ఉంది. నిజమే. కౌంటరుకి ఏ పక్క నుంచో మాత్రం రాయలేదు.

ప్రదర్శన అయ్యాక మారుస్తామన్నారు కదా. ప్రదర్శన అవగానే క్లాసే అయిపోయింది.

ఆఫీసుకి రమ్మన్న రోజుకి ముందు సాయంత్రం టీచరమ్మ తనంతట తనే మెట్ల కిందకి వచ్చింది. చెప్పాను కదా, మంచి పిల్ల. స్టూలు మీద కూర్చుని మిషనమ్మకి ప్రజల మాటలు నేర్పడం మొదలుపెట్టింది. సర్, నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా కుడుతున్నాను. సర్, ఇదే మా జీవనాధారం. సర్, దయచేసి ఉండనివ్వండి. ఇంగ్లీషులో చిన్న చిన్న ముక్కలు చేసి అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టు పెట్టింది.

మిషనమ్మ ఒక్కో ముద్దా తీసుకుంది గానీ, మింగుడు పడలేదు. "సర్" అనడం దగ్గర మొదలుపెట్టి "ప్లీజ్ సిట్ డౌన్" లోకి జారిపోయేది.

"అది వాళ్ళనాలి మిషనమ్మగారూ, మీరు కాదు."

"తెలుసు టీచరమ్మా. నోరు దాని దారిన అది పోతోంది. కుడిచేత్తో కత్తెర పట్టేవాళ్ళని ఎడంచేత్తో కత్తిరించమంటే గుడ్డ ఏమవుతుంది చెప్పండి?"

ఆమె అత్తగారు పక్కన మూటలు కడుతూ అంది. "నోరు పెగలకపోతే ఏడువు. ఏడుపు ఏ భాషలోనైనా ఒకటే."

"ఏడిస్తే పూలకుండీకి నీళ్ళు పోసినట్టుంటుంది అత్తా" అంది మిషనమ్మ. నవ్వుతూనే అంది గానీ, చేతిలో సూదిలోకి దారం ఎక్కలేదు. కటిక చీకట్లోనైనా సూదికి దారం ఎక్కించే మనిషి.

మర్నాడు పొద్దున్నే పైఅంతస్తుకి వెళ్ళాం. తోడు నేను. నోరు మెదపకూడదన్న షరతు విని మా కోడలు, "ఆ ఆఫీసరుగారి కాళ్ళకి దండం పెట్టాలి" అంది.

బయట బెంచీల మీద మాలాంటివాళ్ళే చాలామంది. మూలల్లో తాళాలు బాగుచేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు. ఒక్కొక్కరే లోపలికి వెళుతున్నారు, వెళ్ళినంత వేగంగానే బయటికి వస్తున్నారు. తలుపు సందులోంచి నాకు అంతా వినపడుతూనే ఉంది. వీళ్ళు "సర్, ప్లీజ్ సర్" అంటారు. ఆయన తలెత్తకుండా, ఫైలు పైనుంచి రాలేదు, రేపు రండి, అంటాడు. వీళ్ళు "థాంక్యూ సర్" అంటారు. అంతే. వాళ్ళు అడిగీ అడగకముందే ఆయన జవాబు సిద్ధం. మా ఇంట్లో పాతగడియారం లాగ. ఎవరు ఎప్పుడు చూసినా ఒకటే చెబుతుంది.

మా వంతు వచ్చింది. గదిలో బల్ల నిండా ఫైళ్ళు. వాటి వెనక ఓ సన్నటి మనిషి, కళ్ళ కింద నల్లటి వలయాలు. ఆయన లేచి అల్మారాలో ఏదో వెతుక్కుంటున్నాడు. మిషనమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. సర్, సర్, సర్ అని లోపల తడుముకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. నేను అందిద్దామంటే షరతు! మింగలేను, కక్కలేను.

ఆఫీసరు ఇటు తిరిగాడు. తిరగడమే తడవు, మిషనమ్మ నోట్లోంచి వచ్చేసింది, ప్రదర్శన రోజు వచ్చినట్టే, గణగణమంటూ:

"గుడ్ మార్నింగ్! ప్లీజ్ సిట్ డౌన్. హౌ మే ఐ హెల్ప్ యు?"

అయిపోయింది, జాగా పోయింది అనుకున్నాను.

ఆఫీసరు కూర్చున్నాడు.

ఆయన అనాల్సిన మాటలు ఈమె అనేసింది. ఇన్నేళ్ళుగా ఆయన కూడా ఒక పక్క పాఠమే చదువుకున్నాడు కదా, అదీ అరకొరగా. ఆ మాటలు పోతే ఆయనకి ఇక మిగిలినవేమిటి, మన మాటలే!

"సారీ" అన్నాడు, నెమ్మదిగా. ఆ పైన ఆనకట్టకి గండి పడినట్టయింది. ఆయన అన్నది నాకు అర్థమైనంతలో ఇదీ: ఫైళ్ళు పైనున్న మేడమ్ దగ్గర ఇరుక్కుపోయాయి. ఆయన రోజూ పైకి కబురు పెడతాడు, పైనుంచి జవాబు రాదు. ఇక్కడ జనం ఆయన్ని తిట్టుకుంటారు. ఆయన కుర్చీకి ఒక కాలు ఊగుతుంది, ఎన్నిసార్లు చెప్పినా మార్చరు. ఏం సాయం కావాలని ఈ గదిలో ఆయన్ని ఎవరూ ఇంతవరకు అడగలేదు.

మిషనమ్మకి ఇందులో సగమైనా అర్థమైందో లేదో. భయంలో ఉన్న మనిషి గోడ పట్టుకుని నడిచినట్టు, ఆమె పాఠం పట్టుకుని నడుస్తోంది. "మే ఐ సీ యువర్ పేపర్స్?" అంది.

ఆయన గబగబా సొరుగు లాగి, పైకి పంపిన కాగితాల నకళ్ళు తీసి చూపించాడు! తాళాలవాడివి, చెప్పులాయనవి, మిషనమ్మవి కూడా. ఆమె వాటిని చూసి, తలాడించింది. డాక్టరు పాఠంలో తలాడించినట్టు.

"ఐ యామ్ సారీ ఫర్ ది డిలే" అంది. ఆలస్యానికి క్షమించమని.

"నో, నో, మేడమ్" అన్నాడాయన. కళ్ళు చెమర్చాయి కూడా, నేను చూశాను.

పాఠంలో తరవాతి వాక్యం "ప్లీజ్ కమ్ విత్ మీ." నాతో రండి అని. మిషనమ్మ ఆ మాట అనేసి, ఏం చెయ్యాలో తెలీక తలుపు వైపు నడిచింది, బయటపడితే చాలనుకుంది కాబోలు. వెనక్కి చూస్తే ఆఫీసరు వస్తున్నాడు. కాగితాలు గుండెకి హత్తుకుని వస్తున్నాడు. బయట బెంచీల మీదవాళ్ళు ఆఫీసరు బయటికి రావడం ఎన్నడూ చూడలేదేమో, వాళ్ళూ లేచి వెంట నడిచారు. అలా మెట్లెక్కి పైకి పోయాం, ముందు మిషనమ్మ, ఆమె వెనక ఆఫీసరు, ఆయన వెనక నేను, నా వెనక తాళాలూ చెప్పులూ.

"పెద్దమ్మా, ఈయన నా వెంటెందుకు వస్తున్నాడు?" అని గొణిగింది మిషనమ్మ.

"నోరు మెదపకూడదే. నడు" అన్నాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. పైన గదిలో మేడమ్ ఉంది. కిటికీలు పెద్దవి, బల్ల ఖాళీది, ఒక్క టీకప్పు తప్ప. మా ఆఫీసరు ముందుకెళ్ళి, చేతులు కట్టుకుని, "మేడమ్, ప్లీజ్ మేడమ్" అని మొదలుపెట్టాడు. అచ్చం కిందివాళ్ళు ఆయన దగ్గర అన్నట్టే. ఆమె తలెత్తకుండా, రేపు చూద్దాం, అంది. ఆయన మొహం చూడాల్సింది. తన వంటే తనకి వడ్డిస్తే రుచి తెలుస్తుందంటారే, అలాగ.

"థాంక్యూ మేడమ్" అని ఆయన వెనక్కి తిరగబోయాడు. తిరిగితే మా కథ కంచికే. అప్పుడు మిషనమ్మ తన పాఠంలో మిగిలిన వాక్యం అనేసింది, దాని తరవాతదీ కలిపి, ఒక్క గుక్కలో: "ఇట్ విల్ బి డన్ టుడే. నెక్స్ట్ ప్లీజ్!"

పని ఇవాళే అయిపోతుంది, తరవాతివారు రండి!

ఆ మాట ఎవరన్నారని క్యూ చూసుకోదు. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. నెక్స్ట్ ప్లీజ్ అంటే క్యూ ఒక అడుగు ముందుకి వేస్తుంది, అంతే. మా వెనకున్న జనమంతా ఒక్కసారిగా అడుగేశారు. నేను బల్లకి తగిలాను, ఆఫీసరు బల్ల మీదకి వంగిపోయాడు, కాగితాలు మేడమ్ ముందు పడ్డాయి, టీ ఒలికింది.

మేడమ్ తలెత్తింది. "ఎవరీమె?" అని అడిగింది ఇంగ్లీషులో.

ఆఫీసరు ఆలోచించాడు. "హెల్ప్ చేస్తారు మేడమ్" అన్నాడు.

ఆ జనాన్నీ, తడిసిన బల్లనీ చూసి మేడమ్‌కి ఒకటే కోరిక పుట్టినట్టుంది, వీళ్ళు ముందు బయటికి పోవాలి. పెన్ను తీసింది. తాళాలకి సంతకం, చెప్పులకి సంతకం. మిషనమ్మ కాగితం దగ్గర ఆగింది. కొత్త అందమైన నడవాల్లో ఉండదగిన వాటికి పేర్లు ముందే అచ్చువేసి పెట్టుకున్నారట. కుట్టుపని అందులో లేదు. తాళాలు ఉన్నాయి, చెప్పులు ఉన్నాయి, పూలకుండీలు ఉన్నాయి. చిరిగిన బట్ట ఎవరికీ ఉండదని కాబోలు. మిషనమ్మ నా చెయ్యి మళ్ళీ పట్టుకుంది. ఆమె దగ్గర ఇంగ్లీషు అయిపోయింది. ఒక్క ముక్క మిగల్లేదు. మేడమ్ ఓసారి ఆఫీసరు వంక చూసింది, ఓసారి ఈమె వంక చూసింది. ఆయన అన్న మాటే పట్టుకుని, ఆ జాబితాలోని 'సహాయ కేంద్రం' అన్న పేరు ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేసేసింది.

మెట్లు దిగుతూ మిషనమ్మ అడిగింది. "జాగా ఉన్నట్టా, పోయినట్టా పెద్దమ్మా?"

"ఉన్నట్టేనే పిచ్చిదానా! కాకపోతే నువ్వు ఇక మిషనమ్మవి కాదట."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, అత్తగారు చెప్పిన పని అప్పుడు చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆఫీసరు పైనుంచి దిగుతూ, ఆమెని దాటి పోలేక, ఆ పై మెట్టు మీద చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

వారం తిరక్కుండా ఇద్దరు మనుషులొచ్చి మిషను పైన నీలం బోర్డు బిగించి పోయారు. సహాయ కేంద్రం అని పెద్ద అక్షరాలు. బోర్డు తీస్తే జాగా రద్దు అని షరతు.

ఇక చూడండి. బోర్డు పడగానే జనం మూగారు. కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఒకరు, బస్సు పాసు ఎక్కడిస్తారని ఒకరు, మా పక్కింటివాళ్ళ కుక్క మొరుగుతోందని ఒకరు. అరవై ఏళ్ళాయన ఒకరు వచ్చి తన కొడుకు మాట వినడం లేదని కూర్చున్నాడు. సహాయం అని రాసి ఉంటే అడిగేవాళ్ళు ఇంతమంది ఉంటారని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, రాయించినవాళ్ళు అసలు అనుకోలేదు. మిషనమ్మ తెలిసింది చెప్పింది, తెలియనిది పై అంతస్తుకి పంపింది. మధ్యాహ్నానికి కుట్టాల్సిన ప్యాంట్లు నడుమెత్తు పేరుకుపోయాయి. సాయంత్రం ప్యాంట్లవాళ్ళు వచ్చి దెబ్బలాడారు. ఆ రోజు గల్లాలో ఏమీ పడలేదు. అత్తగారు, "ఊరందరికీ సాయం, ఇంట్లో పొయ్యికి సెలవు" అని సాగదీసింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి మెట్ల కింద జనం లేరు. మిషను టకటకా నడుస్తోంది. జిప్పులు, అంచులు, పట్టీలు మామూలుగా సాగిపోతున్నాయి. బోర్డేది అని చూశాను. బోర్డు ఉన్నచోటే ఉంది. దాని మీద హ్యాంగరుకి తగిలించి ఓ పొడుగాటి నల్లకోటు వేలాడుతోంది, కుట్టుకి వచ్చిన బట్టలాగే.

"తనిఖీవాళ్ళు వస్తే?" అన్నాను.

"మెట్ల మీద బూట్ల చప్పుడు తెలీదా పెద్దమ్మా నాకు? కోటు తీస్తాను. పోయాక వేస్తాను."

"మరి ఆ కోటుగలవాడొచ్చి పట్టుకుపోతే?"

"ఎవరిదీ కాదు. నిన్న సాయంత్రం పాతబట్టల కొట్లో కొన్నాను. బోర్డు కన్నా జానెడు పొడుగుండాలని కొలిచి మరీ కొన్నాను" అని, దారం పంటితో తెంపి, ఇంకో ప్యాంటు అందుకుంది.